మడత చాకుకు వేలం పాటలో అంత ధర ఎందుకు పలుకుతుంది?

అమెరికాలో కేస్ అనే పాత చాకుల కంపెనీ ఒకటుంది. 1970లో ఆ కంపెనీ తన మడత చాకుల బ్లేడు మొదట్లో, సరిగ్గా పిడిలోకి దిగే చోట, దేశం పేరు కింద పది చుక్కలు కొట్టింది. మరుసటి ఏడాది తొమ్మిది, ఆపై ఏడాది ఎనిమిది. ఏటా ఒక చుక్క తీసేస్తూ పోయింది. ఆ వరసలో ఏడు చుక్కలుంటే ఆ చాకు 1973 నాటిదన్నమాట. 1965 నుంచి 1969 దాకా చుక్కల్లేకుండా దేశం పేరు మాత్రమే ఉండేది. అంతకుముందు చాలా ఏళ్లపాటు అదీ లేదు. చాకు మీద ఉండే నంబరుకూ ఒక లెక్క ఉంది. 6254 అంటే ఎముక పిడి, రెండు బ్లేడ్లు, యాభై నాలుగో నమూనా. మొదటి అంకె 5 అయితే పిడి జింకకొమ్ముది.

చాకులు సేకరించేవాళ్లకు ఇదంతా నోటికి వచ్చు. ఏ ఏడాది ఏ ఉక్కు వాడారో, ఏ పిడికి గిరాకీ ఎక్కువో చెప్పగలరు. ఇంత తెలిసినవాళ్లు కూడా, దుకాణంలో అరవై డాలర్లకు దొరికే చాకును ఆన్‌లైన్ వేలంలో ఎనభై పెట్టి కొని ఇంటికి తెచ్చుకుంటారు. తెలియకపోవడం వల్ల జరిగే పొరపాటైతే, తెలుసుకుంటే పోయేది. తెలిసినవాళ్లకూ జరుగుతోందంటే కారణం మరెక్కడో ఉంది. ఆ కారణం మనిషిలో కొంత, పాట నడిచే పద్ధతిలో ఎక్కువ ఉందని నా నమ్మకం.

అమెరికాకు ఇంత దూరంలో, ప్రోతరాపూర్‌లో ఉన్నవాళ్లకు ఈ ప్రశ్నతో ఏం పని అనిపించవచ్చు. శ్రీవిజయపురానికి (2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్) శివారులో ఉన్న ఊరది. అక్కడ తెలుగువాళ్లూ తక్కువ కాదు: 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల జనంలో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. ఈ దీవులకు నెట్ చాలాకాలం ఉపగ్రహం మీదుగానే వచ్చేది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన 2,312 కిలోమీటర్ల కేబుల్ మొదలైంది. ఆఖరి పది సెకన్లలో పాట పెంచే ఆటకు తీరిగ్గా నడిచే నెట్ సరిపోదు. కేబుల్ వచ్చాక ప్రోతరాపూర్‌లోని ఒక గదిలోంచి అమెరికాలోని ఒక చాకు కోసం పోటీ పడటం కుదురుతోంది. పోటీ పడగలిగినప్పుడు, పోటీలో నష్టపోయే దారులు కూడా తెలియాలి.

పాటలో గెలిచేది ఎవరు?

పదిమంది ఒక పాత చాకు ఫోటోలు చూశారనుకుందాం. దాని నిజమైన విలువ, అంటే రేపు మళ్లీ అమ్మితే వచ్చే ధర, ఎవరికీ కచ్చితంగా తెలియదు. ఒకరు అరవై అనుకుంటారు, ఒకరు ఎనభై, మరొకరు నూటపది. పదిమంది అంచనాలనూ కలిపి సగటు తీస్తే అది నిజానికి దగ్గరగానే ఉండవచ్చు. కానీ పాటలో సగటు మనిషి గెలవడు. అందరికన్నా ఎక్కువ ఊహించుకున్నవాడు గెలుస్తాడు. చాకు తన చేతికి వచ్చిందంటే, మిగతా తొమ్మిదిమందీ దాన్ని తనకన్నా తక్కువగా అంచనా వేశారని అర్థం. ఆ సంగతి అతనికి డబ్బు కట్టాకే తెలుస్తుంది.

దీన్ని మొదట కాగితం మీద పెట్టింది చమురు ఇంజనీర్లు. అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ కంపెనీలో పనిచేసే కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ అనే ముగ్గురు 1971లో ఒక వ్యాసం రాశారు. సముద్రంలో చమురు ఉందో లేదో తెలియని చోట్లను వేలంలో కొన్న కంపెనీలకు ఆశించిన లాభాలు ఎందుకు రావడం లేదన్నది వాళ్ల ప్రశ్న. వాళ్లు చూపించిన ఒక లెక్క మరిచిపోలేనిది. 1969లో అలాస్కా ఉత్తర తీరంలో జరిగిన వేలంలో గెలిచిన పాటలన్నీ కలిపితే 90 కోట్ల డాలర్లు. ఆయా చోట్లకు రెండో స్థానంలో నిలిచిన పాటలన్నీ కలిపితే 37 కోట్లే. భూగర్భ శాస్త్రవేత్తల్ని జీతమిచ్చి పెట్టుకున్న కంపెనీల అంచనాల మధ్యే అంత తేడా వచ్చింది. ఈ జబ్బుకు అర్థశాస్త్రంలో గెలిచినవాడి శాపం అని పేరు పడింది.

1983లో బేజర్‌మన్, శామ్యూల్సన్ అనే ఇద్దరు అధ్యాపకులు దీన్ని బోస్టన్ విశ్వవిద్యాలయంలో ఎంబీఏ చదివేవాళ్ల మీద పరీక్షించారు. గాజు సీసాల్లో నాణేలవంటివి నింపి, ఒక్కో సీసా విలువ 8 డాలర్లు ఉండేలా చూసి, విలువ చెప్పకుండా వేలం వేశారు. విద్యార్థుల అంచనాల సగటు 5 డాలర్ల 13 సెంట్లు. అంటే తరగతి మొత్తం మీద సీసాను తక్కువగానే లెక్కగట్టింది. అయినా గెలిచిన పాటల సగటు 10 డాలర్ల ఒక సెంటు. తక్కువ ఊహించిన జనంలోంచే ఎక్కువ కట్టిన మనిషి బయటికొచ్చాడు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ఈబే లాంటి ఆన్‌లైన్ వేలం సైట్‌లో గెలిచినవాడు తన పూర్తి పాట కట్టనక్కర్లేదు. మీరు 120 డాలర్ల దాకా పాడమని సైట్‌కు చెప్పి పెట్టారు, మీ తర్వాతివాడి హద్దు 80 అనుకోండి. మీకు చాకు 81కే వస్తుంది. రెండోవాడు ఆగిన చోటే ధర ఆగుతుంది. అప్పుడు శాపం ఎక్కడుంది? పాటదారుల సంఖ్యలో ఉంది. నలుగురే పాడితే రెండోవాడి అంచనా ఓ మోస్తరుగా ఉంటుంది. నలభైమంది పాడితే రెండో స్థానంలో ఉన్నవాడు కూడా సగటుకు చాలా పైన ఉంటాడు. మంచి చాకు, తక్కువ మొదటి ధర, స్పష్టమైన ఫోటోలు ఉంటే జనం చేరతారు. జనం చేరినకొద్దీ ధర కూడా అతిగా ఆశపడినవాళ్ల అంచనా వైపు జరుగుతుంది.

చాకు విషయంలోనే అంచనాలు ఎందుకంత తప్పుతాయి?

చాకు చేత్తో చూడాల్సిన వస్తువు. తెరిచినప్పుడు బ్లేడు ఎంత బిగువుగా లేస్తుంది, మూసినప్పుడు ఎలాంటి చప్పుడుతో కూర్చుంటుంది, తెరిచి పట్టుకుని ఊపితే పక్కలకు కదులుతుందా లేదా, ఇవి చాకు మంచిచెడ్డలు చెప్పే మొదటి గుర్తులు. ఫోటోలో వీటిలో ఒక్కటీ కనపడదు. ఏళ్ల తరబడి సానపట్టగా అరిగి సన్నబడిన బ్లేడు, పక్కన కొత్తది పెట్టి పోలిస్తే తప్ప, ఒంటరిగా చూస్తే బాగానే ఉంటుంది. గట్టిగా పాలిష్ పట్టించిన పాత చాకు ఫోటోలో మెరిసిపోతుంది. సేకరించేవాళ్ల లెక్కలో ఆ మెరుపు విలువను తగ్గిస్తుంది, ఎందుకంటే పాలిష్‌తో పాటు ముద్ర అంచులు, పిడి గరుకుదనం అరిగిపోతాయి. బ్లేడు మార్చిన చాకులు, పాత ముద్రను మళ్లీ కొట్టిన చాకులు కూడా బజారులో తిరుగుతాయి. చుక్కల్ని బట్టి ధర మారే చోట చుక్కల మీదే మోసం జరుగుతుంది.

సెల్యులాయిడ్ పిడి ఉన్న పాత చాకుల సంగతి మరీ బాధాకరం. ఆ పదార్థం కాలంతోపాటు కుళ్లి ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఆ చాకే కాదు, అదే పెట్టెలో పక్కనున్న చాకులు కూడా తుప్పు పడతాయి. రంగురంగుల సెల్యులాయిడ్ పిడిని చూసి మోజుపడి పాడినవాడు ఈ సంగతి ఎరగకపోతే, కొన్నదానితోపాటు తన దగ్గర ముందే ఉన్నవీ పోగొట్టుకుంటాడు. విలువ తెలియని వస్తువు, చేత్తో పట్టి చూసే వీల్లేని పరిస్థితి, మోసానికి సందు. గెలిచినవాడి శాపం పనిచేయడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు.

పక్కనే తక్కువకు దొరుకుతున్నా ఎక్కువ పెడతారా?

పెడతారు. ఉల్‌రికే మాల్మెండియర్, యంగ్ హాన్ లీ అనే ఆర్థికవేత్తలు 2011లో వెలువరించిన అధ్యయనంలో దీన్ని రుజువు చేశారు. వాళ్లు ఎంచుకున్నది చాకు కాదు, క్యాష్‌ఫ్లో 101 అనే బోర్డు ఆట. ఈబేలో అదే ఆట, సరికొత్తది, ఒక స్థిరమైన ధరకు ఎప్పుడూ అమ్మకానికి ఉండేది. అదే సమయంలో, అదే సైట్‌లో, అదే ఆటకు వేలం కూడా నడిచేది. వందకు 42 వేలాల్లో చివరి ధర, పక్కనే ఉన్న స్థిర ధరను దాటిపోయింది. రవాణా ఖర్చుల తేడాలు కలిపి చూస్తే వందకు 73.

ఈ అధ్యయనంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరో అంకె. పాటదారుల్లో అలా హద్దు దాటి పాడినవాళ్లు నూటికి 17 మందే. మిగతా 83 మందీ ధర చూసుకుని ఆగినవాళ్లే. అయినా దాదాపు సగం వేలాలు ఆ పదిహేడు మంది చేతుల్లోకి వెళ్లాయి. కాబట్టి సేకర్తలందరికీ పిచ్చి అనడం అన్యాయం. వివేకంతో ఆగినవాళ్లు ధర మీద గుర్తు వదలకుండా వెళ్లిపోతారు. ఆగని ఇద్దరు ఒకే పాటలో తారసపడితే చాలు, ధర వాళ్లదే అవుతుంది. అంతేకాదు, ఈ 17 మంది ఎప్పుడూ ఒకే 17 మంది కారని నేను అనుకుంటాను. ఇవాళ ఆగిన మనిషే మరో రోజు, మరో చాకు దగ్గర, ఆగలేకపోవచ్చు.

ఎందుకు ఆగలేరు?

పాట మొదట్లో ఆ చాకు పరాయిది. మూడు రోజులపాటు మీ పేరే పైన ఉంటే అది మీదే అనిపించడం మొదలవుతుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో, పక్కన ఏది ఉండాలో మనసులో అప్పటికే సర్దేసుకుంటారు. ఆఖరి నిమిషంలో ఎవరో దాటితే, కొనలేకపోయామని కాదు, మన వస్తువును ఎవరో పట్టుకుపోతున్నారని అనిపిస్తుంది. హేమన్, ఆర్హున్, ఏరియలీ అనే పరిశోధకులు 2004లో ఈ తాత్కాలిక సొంతదనాన్ని ప్రయోగాల్లో చూపించారు. ఎక్కువసేపు ముందంజలో ఉన్నవాళ్లు మరింత పైకి పాడారు. 2008లో సైన్స్ పత్రికలో డెల్గాడో బృందం రాసిన వ్యాసం ఇదే విషయాన్ని మరోవైపు నుంచి పట్టుకుంది. పాటకు ముందే పాటదారులకు కొంత డబ్బు ఇచ్చి, ఓడితే అది తిరిగి పోతుందని చెప్పినప్పుడు వాళ్లు ఎక్కువగా పాడారు. గెలిస్తే అదే డబ్బు వస్తుందని చెప్పినప్పుడు అంత పాడలేదు. పోతుందన్న భయానికి, వస్తుందన్న ఆశకన్నా బలం ఎక్కువ.

మొదటి ధర తక్కువ పెట్టడం ఈ భయాన్ని పెంచే మార్గం. మామూలు బుద్ధికి, ఎక్కువ ధరతో మొదలుపెడితేనే ఎక్కువ వస్తుందనిపిస్తుంది. కూ, గలిన్‌స్కీ, మర్నిగన్ అనే పరిశోధకులు 2006లో చూపించింది దానికి విరుద్ధం. తక్కువ నుంచి మొదలైన పాట ఎక్కువమందిని లోపలికి లాగుతుంది. లోపలికొచ్చినవాళ్లు అప్పటికే సమయం, ఆశ పెట్టి ఉంటారు. వాళ్లను చూసి, ఇంతమంది పాడుతున్నారంటే ఇందులో ఏదో ఉందని ఇంకొందరు వస్తారు. 99 సెంట్లతో మొదలైన చాకును చూసి చవక అనుకోవడం తొలి తప్పు.

బాలాపూర్ లడ్డూకు ఇది వర్తిస్తుందా?

హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో వినాయకుడి చేతి లడ్డూను 1994లో మొదటిసారి వేలం వేసినప్పుడు కొలను మోహన్ రెడ్డి 450 రూపాయలకు పాడారు. 2024లో అది 30 లక్షల వెయ్యి రూపాయలు పలికింది, 2025లో 35 లక్షలు. ఇరవై ఒక్క కిలోల లడ్డూకు 35 లక్షలేమిటని అడిగేవాళ్లు ఉంటారు. అక్కడ ఎవరూ ఎక్కువ కట్టలేదని నా అభిప్రాయం. ఆ డబ్బు ఊరి పనులకు పోతుంది. పాడిన మనిషి పేరు ఊరంతా, రాష్ట్రమంతా వింటుంది. ప్రసాదం బంధువులకు, ఇరుగుపొరుగుకు పంచుతారు, పొలంలో చల్లుకుంటారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని పిలుస్తుంటే పక్కనున్న మనిషి ముఖం చూసి పాట పెంచుతారు. పెంచిన ప్రతి వెయ్యికీ తిరిగి ఏదో దక్కుతుంది: గౌరవం, నమ్మకం, ఊరికి మేలు.

ఆన్‌లైన్ పాటలో పోటీదారు పేరు నక్షత్రపు గుర్తుల వెనక దాగి ఉంటుంది. మీరు గెలిచారని ఊళ్లో ఎవరికీ తెలియదు. ఎక్కువ కట్టిన ఇరవై డాలర్లు ఏ బడికీ గుడికీ పోవు, అమ్మినవాడికీ సైట్‌కూ పోతాయి. నలుగురి మధ్య పాట పాడటం అలవాటైన మనకు, ఎదురుగా ఎవరూ లేని పాటలో కూడా అదే పంతం వస్తుంది. ప్రతిఫలం మాత్రం రాదు. చేపల పాటలో పాడే వ్యాపారికి ఇలాంటి తప్పు జరిగినా ఎక్కువకాలం సాగదు. సాయంత్రానికి చేప అమ్మాలి, నష్టం అదే రోజు లెక్కకొస్తుంది. చాకు అరలోకి వెళ్తుంది. మళ్లీ అమ్మేదాకా నష్టం బయటపడదు. చాలామంది అమ్మరు కూడా.

ఒకే ఒక్కటి ఉండే వస్తువుల సంగతి వేరు. 2023 మే 23న లండన్‌లో బోనమ్స్ సంస్థ టిప్పు సుల్తాన్ పడకగది కత్తిని వేలం వేసింది. 15 నుంచి 20 లక్షల పౌండ్లు రావచ్చని ముందుగా అంచనా వేస్తే, కోటీ నలభై లక్షల పౌండ్లు దాటింది. అది ఎక్కువ ధరా కాదా అని తేల్చడానికి పక్కన మరో టిప్పు కత్తి అమ్మకానికి లేదు. ఫ్యాక్టరీలో వేల సంఖ్యలో చేసిన మడత చాకుకు ఆ సాకు చెల్లదు.

ప్రోతరాపూర్‌లో గెలిస్తే అసలు ఖర్చెంత?

2004లో బాజీ డాట్ కామ్‌ను కొని మన దేశంలోకి వచ్చిన ఈబే భారతీయ సైట్ 2018 ఆగస్టులో మూతపడింది. ఇప్పుడు అక్కడి చాకు కావాలంటే వాళ్ల సైట్‌లోనే, డాలర్లలో, వాళ్ల గడియారం ప్రకారం పాడాలి. కాలిఫోర్నియా లెక్కన ఆదివారం సాయంత్రం ఆరింటికి ముగిసే పాట, వేసవిలో మనకు సోమవారం ఉదయం ఆరున్నరకు ముగుస్తుంది. ధర మీద రవాణా, రవాణా మీద కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, కార్డు వాడినందుకు బ్యాంకు తీసుకునే మారకపు రుసుము. తెర మీద పెరుగుతూ కనిపించే అంకెలో ఇవేవీ ఉండవు. హొస్సేన్, మోర్గన్ అనే పరిశోధకులు 2006లో సీడీలతో, వీడియో గేమ్‌లతో చేసిన ప్రయోగం అదే చెప్పింది. మొదటి ధర తగ్గించి రవాణా ఖర్చు పెంచితే, అమ్మేవాడికి మొత్తం మీద ఎక్కువే వచ్చింది. పాడేవాళ్ల కళ్లు పెద్ద అంకె మీదే ఉంటాయి.

చాకు చేరాక ఇక్కడి గాలి ఉంది. ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన, చుట్టూ ఉప్పునీళ్లు. కేస్ పాత చాకుల్లో చాలావాటిది కార్బన్ ఉక్కు, తుడిచి నూనె రాయకపోతే మచ్చలు పడుతుంది. మచ్చ పడితే చుక్కల లెక్కకు కట్టిన డబ్బు కరిగిపోతుంది. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ 1921 నుంచే తుప్పు పట్టని ఉక్కు వైపు మళ్లింది. దీవుల్లో సేకరణ మొదలుపెట్టేవాళ్లు అటు చూడటం మేలు. చట్టం సంగతి ఒక్క మాటలో: 2016 ఆయుధ నియమాలు తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు లేదా రెండు అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న బ్లేడ్ల గురించి మాట్లాడతాయి. మూడు నాలుగు అంగుళాల మడత చాకు ఆ కొలతల్లోకి రాదు. విమానంలో మాత్రం చేతిసంచిలో పెట్టుకోకూడదు.

చేతిసంచుల్లో మరిచిపోయిన చాకులకూ ఈ కథలో చోటుంది. అమెరికా విమానాశ్రయాల్లో ప్రయాణికులు వదిలేసిన చాకులు రాష్ట్ర ప్రభుత్వాల మిగులు వస్తువుల విభాగాలకు చేరతాయి. పెన్సిల్వేనియా వంటి రాష్ట్రాలు వాటిని గుత్తగా అమ్ముతాయి. వేలంలో విడిగా, అందంగా ఫోటో తీసి కనిపించే మామూలు స్విస్ చాకు, ఎక్కడో పెట్టెల కొద్దీ చవకగా పోతోందని గుర్తుంచుకోవాలి.

మరి ఎలా పాడాలి?

ముందు, అడుగుతున్న ధరల్ని కాదు, నిజంగా అమ్ముడైన ధరల్ని చూడండి. సైట్‌లో అమ్ముడైన వస్తువుల్ని మాత్రమే చూపించే వీలుంది. అదే నమూనా, అదే చుక్కలు, అదే పిడి ఉన్నవి నాలుగైదు దొరికితే మధ్యలో ఉన్న ధర పట్టుకోండి. అన్నిటికన్నా పై ధరను వదిలేయండి, అది బహుశా ఆగలేని ఇద్దరు కలిసిన రోజు. ఫోటోలో తెలియని లోపాల కోసం కొంత తగ్గించండి. అమ్మేవాడిని అదనపు ఫోటోలు అడగండి: మూసిన చాకు పైనుంచి, బ్లేడు మధ్యలో కూర్చుందో లేదో తెలిసేలా, ముద్ర దగ్గర నుంచి. ఇవ్వనంటే ఇంకా తగ్గించండి లేదా పాడకండి. వచ్చిన అంకెలోంచి రవాణా, సుంకం తీసేయండి. మిగిలింది మీ హద్దు. పాటలోకి వెళ్లకముందే కాగితం మీద రాయండి, ఎందుకంటే పాటలోకి వెళ్లాక మీరు వేసే లెక్క లెక్క కాదు.

ఆ హద్దును ఒక్కసారే, చివర్లో పెట్టండి. 1961లో ఆర్థికవేత్త విలియం విక్రీ చూపించిన సంగతి ఇది: రెండోవాడి ధర కట్టే పద్ధతిలో, మనసులో ఉన్న నిజమైన హద్దును ఉన్నదున్నట్టు పాడటమే మంచిది. దాచుకుంటే లాభం లేదు, పెంచుకుంటే నష్టం. చివర్లోనే ఎందుకంటే, ముందే పాడితే రూపాయి రూపాయి పెంచుకుంటూ పోయేవాళ్లను రెచ్చగొట్టినట్టవుతుంది. రాత్, ఆకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో ఈబేను అమెజాన్ వేలాలతో పోల్చారు. అమెజాన్‌లో చివర్లో పాట వస్తే గడువు పొడిగించేవారు, ఈబేలో గడువు గడువే. అందుకే ఆఖరి క్షణాల్లో పాడటం ఈబేలోనే ఎక్కువని తేలింది. పైన మీ పేరు మూడు రోజులు నిలిచి, చాకు మీదే అన్న భ్రమ పెరిగే అవకాశం కూడా చివర్లో పాడితే ఉండదు.

హద్దు దాటి పోతే? ఫ్యాక్టరీ చాకు అయితే మళ్లీ వస్తుంది, చాలాసార్లు తక్కువకే వస్తుంది. ఆర్లీ ఆషెన్‌ఫెల్టర్ అనే ఆర్థికవేత్త 1989లో వైన్ వేలాల గురించి రాస్తూ, ఒకే రకం సీసాలను ఒకదాని తర్వాత ఒకటి పాడినప్పుడు తర్వాతి వాటి ధర పెరగడంకన్నా తగ్గడమే ఎక్కువసార్లు జరిగిందని చూపించాడు. దానికి ఒక కారణం తేలికగానే కనిపిస్తుంది. ఆ వస్తువు కోసం అందరికన్నా ఎక్కువ పెట్టడానికి సిద్ధపడ్డ మనిషి మొదటి పాటలోనే కొనుక్కుని వెళ్లిపోయి ఉంటాడు, తర్వాతి పాటలో అతను ఉండడు.